చిన్న క్లినిక్‌కు కుర్చీలు, పరీక్ష బల్లలు, అల్మారాలు: రోజూ క్రిమిసంహారక మందు పెట్టి తుడిచినా నిలిచేవి ఏవి?

కొర్లగుంట క్లినిక్:
అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో గ్రౌండ్ ఫ్లోర్ అద్దెకు తీసుకుని జనరల్ మెడిసిన్ క్లినిక్ పెడుతున్నాను. గోడల పని, కరెంటు పని అయిపోయాయి. ఇక సామాను కొనాలి. వెయిటింగ్ హాల్లో పదిహేను మంది కూర్చోవాలి. రెండు పరీక్ష బల్లలు, ఒక చిన్న డ్రెస్సింగ్ గది, రిసెప్షన్ కౌంటర్, మందుల అల్మారా కావాలి.

ఇంటీరియర్ పని చేసే ఆయన ఇచ్చిన బొమ్మల్లో గుడ్డ సోఫాలు, గాళ్లు గాళ్లుగా ఉండే చెక్క ప్యానెళ్లు, కౌంటర్ ముందు భాగానికి అతికించిన మెత్తటి కుషన్ పలకలు ఉన్నాయి. చూడటానికి బాగానే ఉంది. కానీ నా దగ్గరికి రాబోయేది జ్వరాలు, వాంతులు, విరేచనాలు. పైగా అలిపిరి మెట్లెక్కి కాళ్లు బొబ్బలెక్కిన యాత్రికులు. ఆ సోఫా మీద ఒకసారి వాంతి పడితే ఏం చేయాలో ఆయన్ని అడిగితే "కవర్ విప్పి ఉతకవచ్చు సార్" అన్నారు. కవరు కింద స్పాంజి సంగతి?

క్లినిక్‌లు నడుపుతున్నవారు, ఆసుపత్రి సామాను తయారుచేసేవారు తమ అనుభవం చెప్పండి. "ఫలానా బ్రాండ్ కొను" అన్న సలహా కంటే ఎందుకు కొనాలో చెబితే ఎక్కువ ఉపయోగం.

చిత్తూరు సిస్టర్:
డాక్టరు గారూ, ఏ కుర్చీ అని అడిగే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ ఆయమ్మ చేతిలో ఏ సీసా ఉండబోతోంది? హైపోనా (సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం), స్పిరిట్టా, క్వాట్ ద్రావణమా (క్వాటర్నరీ అమ్మోనియం రకం క్రిమిసంహారకం), రంగు ఫినాయిలా? అది తేలితే సామాను సగం తేలినట్టే. అందరూ ఈ వరస తలకిందులు చేస్తారు. ముందు అందమైన కుర్చీ కొంటారు, కొన్నాళ్లకు దాని తోలు ఊడిపోతే గట్టిగా తుడిచిందని ఆయమ్మను తిడతారు.

నేను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేశాను కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. ఆసుపత్రి వస్తువులను ఇన్‌ఫెక్షన్ ముప్పును బట్టి విడదీసే స్పాల్డింగ్ వర్గీకరణలో కుర్చీ, బల్ల, కౌంటర్ లాంటివి నాన్ క్రిటికల్ వస్తువులు. అంటే గాయం లేని చర్మానికి మాత్రమే తగిలేవి. వాటికి స్టెరిలైజేషన్ అక్కర్లేదు. మురికి పోయేలా కడగడం, ఆ తర్వాత మామూలు స్థాయి క్రిమిసంహారక ద్రవం పెట్టడం చాలు. అలాగని వదిలేయడానికీ లేదు. చీముగడ్డలు పుట్టించే స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా పొడిగా ఉన్న కుర్చీ చేతి మీద వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతకగలదు.

మీకు వాంతులు, విరేచనాల కేసులు వస్తాయంటున్నారు కాబట్టి హైపో తప్పదు. సీసా మీద 5 శాతం అని ఉంటే, ఒక వంతు హైపోకు 49 వంతుల నీళ్లు కలిపితే 0.1 శాతం అవుతుంది. రోజువారీ తుడవడానికి అది సరిపోతుంది. రక్తం ఒలికితే ఒక వంతుకు తొమ్మిది వంతులు, అంటే 0.5 శాతం. కొన్ని సీసాలు 10 శాతంవి వస్తాయి, చూసి కలపండి. కలిపింది ఆ రోజుకే. ఎండలో, వేడిలో హైపో బలం తగ్గిపోతుంది. మన ఊళ్లలో మే నెలలో కిటికీ పక్కన పెట్టిన సీసాలో ఏం మిగులుతుందో ఊహించుకోండి.

ఇంకొకటి. మురికి ఉండగా హైపో పోస్తే అది ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. ముందు సబ్బు నీళ్లతో తుడవాలి, తర్వాతే మందు. మందు పెట్టాక ఉపరితలం కొంతసేపు తడిగా ఉండాలి. ఎంతసేపో సీసా మీద రాసి ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంటే అంతకంటే ముందే ఆరిపోతుంది, అప్పుడు మళ్లీ తడపాల్సిందే. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో మరోసారి తుడవాలి. ఈ చివరి తుడుపు మానేస్తేనే ఇనుము తుప్పు పట్టేది, రెగ్జిన్ గట్టిపడేది.

ఇన్ని తుడుపులకు నిలిచేది, సందులు లేనిది ఏదైనా నాకు మంచి ఫర్నిచరే.

రేణిగుంట ఫ్యాబ్రికేటర్:
సిస్టర్ గారు చెప్పినదానికి స్టీలు వైపు నుంచి నేను కలుపుతాను. మేము ఆసుపత్రి మంచాలు, ట్రాలీలు చేస్తాం.

"ఎస్‌ఎస్" (స్టెయిన్‌లెస్ స్టీలు) అని బిల్లులో రాస్తే సరిపోదు. ఏ గ్రేడో రాయించుకోండి. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 202 లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ధర తక్కువ. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. హైపో తగలడం మొదలయ్యాక 202 మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు లేస్తాయి. అతుకుల దగ్గర ముందు మొదలవుతుంది.

దుకాణంలో మ్యాగ్నెట్ పెట్టి "చూడండి, అంటుకోలేదు, అసలు స్టీలు" అంటారు. ఆ మాట నమ్మకండి. 202 కి కూడా మ్యాగ్నెట్ పెద్దగా అంటుకోదు. మ్యాగ్నెట్ 430 లాంటి గ్రేడుల్ని పట్టిస్తుంది తప్ప 202 నూ 304 నూ విడదీయలేదు. దానికి పరీక్ష చుక్కల మందు ఉంటుంది. స్టీలు మీద చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తారు, ఎర్రగా తిరిగితే 200 సిరీస్. మంచి డీలర్ దగ్గర ఆ సీసా ఉంటుంది. అడిగితే ముఖం చిట్లించేవాడి దగ్గర కొనకండి.

316 కొనమని కొందరు అంటగడతారు. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరిన్‌ను బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ ఓపీ క్లినిక్‌కు ఆ ఖర్చు దండగ. 304 కొని, హైపో పెట్టాక మంచినీళ్లతో తుడిపించండి.

మామూలు ఇనుముకు పౌడర్ కోటింగ్ వేసిన బల్లలు కూడా చెడ్డవి కావు. కోటింగ్ ఊడనంత కాలం బ్రహ్మాండం. బోల్టు రంధ్రాల దగ్గర, కాళ్ల అడుగున మొదట ఊడుతుంది. కొనేటప్పుడు బల్లను తలకిందులు చేయించి చూడండి. పైపు కాళ్ల అడుగున రబ్బరు బుష్ లేకపోతే మాప్ నీళ్లు లోపలికి వెళ్లి పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. బొద్దింకలు కాపురం పెట్టేది కూడా అక్కడే.

తిలక్ రోడ్ పళ్ల డాక్టర్:
మ్యాగ్నెట్ సంగతి చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు రెగ్జిన్ గురించి నా గోడు వినండి.

"లెదర్ ఫినిష్" అని అమ్మేవాటిలో రెండు రకాలు. పీయూ (పాలీయూరథేన్) పూత ఉన్నది, పీవీసీ పూత ఉన్నది. పీయూ చేతికి మెత్తగా, ఖరీదుగా తోస్తుంది. కానీ చవకరకం పీయూ వేడికీ తేమకూ పొరలు పొరలుగా ఊడుతుంది. వాడకపోయినా, గోదాములో ఉంచినా ఊడుతుంది. పీవీసీ అలా ఊడదు. దాని జబ్బు వేరు: స్పిరిట్‌తో తుడిచిన కొద్దీ అందులోని మెత్తదనం పోయి గట్టిపడి, మడత పడేచోట పగులుతుంది. తల ఆనించే చోట, మోకాలు వంగే చోట ముందు పగులు కనిపిస్తుంది. పగిలిందా, లోపలి ఫోమ్ ఉమ్మినీ రక్తాన్నీ పీల్చుకుంటుంది. పైన ఎన్నిసార్లు తుడిచినా లోపలికి మందు పోదు. ప్లాస్టర్ టేపు అతికించి నెట్టుకొచ్చే క్లినిక్‌లు ఊళ్లో బోలెడు.

పగులు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది కుట్లు. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం. పరీక్ష బల్ల పరుపు మీద అంచుల వెంట అందంగా డబుల్ కుట్టు వేసి ఇస్తారు, సోఫా పనివాళ్ల అలవాటు అది. మీరు అడగాల్సింది కుట్టు లేని పరుపు. అతుకులు వేడితో వెల్డింగ్ చేసినవి దొరుకుతాయి. అవి దొరక్కపోతే ఒకే ముక్క రెగ్జిన్‌ను పై నుంచి చుట్టి, అతుకంతా అడుగువైపు వచ్చేలా స్టేపుల్ చేయించండి. పైభాగానా పక్కలా ఒక్క కుట్టు కూడా ఉండకూడదని రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట చెబితే మళ్లీ డబుల్ కుట్టే వస్తుంది.

కొనే ముందు ఒక అడుగు ముక్క అడిగి తీసుకోండి. మీరు వాడబోయే ద్రవంలో తడిపి ఎండబెట్టి, మళ్లీ తడిపి, మడిచి చూడండి. ఇవ్వనంటే ఆ దుకాణం వదిలేయండి.

యాత్రికుడి కొడుకు:
డాక్టర్లందరూ మాట్లాడుకుంటున్నారు, కూర్చునేవాళ్ల తరఫున నాకూ ఒక మాట ఉంది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. చేతులు లేని కుర్చీలోంచి ఆమె లేవలేదు. కిందకు దిగిపోయే సోఫా అయితే ఇద్దరం పట్టుకుని లేపాలి. స్టీలు కుర్చీలు ఏసీ గదిలో మంచులా ఉంటాయి, పడమటి ఎండ పడే హాల్లో పెనంలా కాలుతాయి. తుడవడానికి సులువుగా ఉంటే చాలదు, ముసలివాళ్లు కూర్చుని లేవగలగాలి కూడా.

ఇంటీరియర్ మిత్రుడు:
పైన చెప్పిన డిజైనర్‌ను నేను కాదు, ముందే చెబుతున్నాను! కానీ ఆ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి అతని తరఫున కాస్త వాదిస్తాను.

మీరంతా చెప్పినట్టు చేస్తే క్లినిక్ పోలీస్ స్టేషన్‌లా తయారవుతుంది. జబ్బుతో వచ్చినవాడికి ముందే భయం. ఇంకో సమస్య ఎవరూ మాట్లాడలేదు: చప్పుడు. గ్రానైట్ నేల, స్టీలు కుర్చీలు, నున్నటి గోడలు కలిస్తే గది గంగాళంలా మోగుతుంది. లోపల డాక్టరు రోగితో మాట్లాడేది బయట కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. గుడ్డ, గాళ్ల చెక్క ప్యానెళ్లు ఆ చప్పుడును కొంత పీల్చుకుంటాయి. ఆ పని ఊరికే చేయరు ఎవరూ.

చిత్తూరు సిస్టర్:
చప్పుడు సంగతి నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే దానికి మందు సీలింగ్‌లో పెట్టండి. చప్పుడు పీల్చే సీలింగ్ పలకలు ఉన్నాయి కదా, రోగి చెయ్యి అక్కడికి అందదు. చెయ్యి తగలని ఎత్తులో మీ కళ ఎంతైనా చూపించండి. చెయ్యి తగిలేచోట, తల ఆనేచోట, వాంతి చిందేచోట మాత్రం నున్నగా ఉండనివ్వండి. గాళ్ల ప్యానెల్‌ను ఎవరు తుడుస్తారు? ఒక్కో గాడిలో వేలు పెట్టి తుడవాలి.

గుడ్డ సోఫా ఎక్కడా పనికిరాదని నేను అనను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాలు కూడా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు ఉండే విభాగాల్లో కుషన్ ఫర్నిచర్ తగ్గించమన్నాయి తప్ప ప్రతి వెయిటింగ్ హాలుకూ నిషేధం పెట్టలేదు. కౌన్సెలింగ్ గది, కళ్లజోళ్ల దుకాణం, పన్నుల లెక్కలు చూసే గది అయితే పెట్టుకోండి. జ్వరాల ఓపీలో వద్దు.

ఇంటీరియర్ మిత్రుడు:
సీలింగ్ మాట బాగుంది. గోడలకు కుర్చీ వీపు ఎత్తు దాకా నున్నటి లామినేట్, ఆ పైన రంగు, బొమ్మలు. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

పిల్లల డాక్టరమ్మ, చిత్తూరు:
మా హాల్లో రంగురంగుల ప్లాస్టిక్ మోల్డెడ్ బెంచీలు పెట్టాం. పోలీస్ స్టేషన్‌లా ఏమీ లేదు, రంగు చూసే పిల్లలు పరిగెత్తుకొస్తారు. ఒకే అచ్చులో పోసినవి కాబట్టి స్క్రూలూ అతుకులూ తక్కువ. వారానికోసారి పెరట్లోకి తీసుకెళ్లి పైపుతో కడుగుతారు. స్టీలు త్రీ సీటర్‌తో ఆ పని చేయండి చూద్దాం!

పిల్లల క్లినిక్ పెట్టేవాళ్లకు రెండు ముక్కలు: బొచ్చు బొమ్మలు పూర్తిగా మానేయండి. నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ బొమ్మలను హైపోలో ముంచితే తర్వాత ధారాళంగా నీళ్లతో కడగాలి. బిడ్డను తూచే బల్లకు అంచు కాస్త పైకి లేచి ఉండాలి, మూత్రం పోస్తే కిందికి కారదు.

కొర్లగుంట క్లినిక్:
చాలా నేర్చుకున్నాను, ధన్యవాదాలు. మరి ఊళ్లో సగం క్లినిక్‌లలో కనిపించే ఆ రంధ్రాల స్టీలు త్రీ సీటర్ల సంగతి ఏమిటి? కొటేషన్ ఇచ్చిన ప్రతివాళ్లూ అవే రాశారు.

రేణిగుంట ఫ్యాబ్రికేటర్:
అవి బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో బాగుంటాయి. గాలి ఆడుతుంది, నీళ్లు నిలవవు. క్లినిక్‌కు వచ్చేసరికి ఆ రంధ్రాలే శత్రువులు. ప్రతి రంధ్రం అంచునా దుమ్ము, జిడ్డు పేరుకుంటాయి. గుడ్డతో తుడిస్తే పై మొహం మాత్రమే తుడుస్తారు. రంధ్రం లోపలి అంచు, సీటు అడుగు మిగిలిపోతాయి. ఎవరైనా వాంతి చేసుకుంటే అది నేరుగా కింద ఉన్న ఇనుప దూలం మీద పడుతుంది. క్రోమ్ పూత పూసిన చేతులు కూడా హైపోకు నిలవవు, పొరలు లేస్తాయి. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నాను, రంధ్రాలు లేని ప్లాస్టిక్ సీటు, పౌడర్ కోటింగ్ దూలం, చేతులు ఉన్నవి చూడండి. పైన చెప్పిన మోకాళ్ల నొప్పుల అమ్మగారికి కూడా అది సులువు.

మైక్రోబయాలజీ మాస్టారు:
ఇన్ని మంచి మాటల మధ్య ఒక పిశాచం ఇంకా ప్రవేశించలేదు, అది రాకముందే చెబుతాను: "యాంటీ బ్యాక్టీరియల్ పూత ఉన్న కుర్చీ". వెండి అయాన్లు, రాగి, నానో ఇంకేదో అని స్టిక్కర్ ఉంటుంది. ప్రయోగశాలలో ఆ పూత మీద కొన్ని బ్యాక్టీరియా తగ్గి ఉండవచ్చు. మీ క్లినిక్‌లో దాని మీద దుమ్ము, తలనూనె, చెమట పొర పేరుకున్నాక బ్యాక్టీరియా ఆ పొర మీద ఉంటుంది, పూతకు తగలదు. తుడవడం తప్పదు. ఎలాగూ తుడవాల్సిందే అయితే స్టిక్కర్‌కు అదనంగా డబ్బెందుకు?

క్వాట్ ద్రావణాలు వాడేవారికి రెండు హెచ్చరికలు. క్వాట్ మందును నూలు గుడ్డ పట్టేసుకుంటుంది. పాత చీరముక్కను బకెట్‌లో నానబెట్టి రోజంతా తుడిస్తే సాయంత్రానికి మందు గుడ్డలో, నీళ్లు కుర్చీ మీద. రెండోది, బోరు నీళ్లలోని లవణాలు దాని బలాన్ని తగ్గిస్తాయి. వీలైతే మంచి నీళ్లతో కలపండి.

స్పిరిట్‌ను కుర్చీలన్నిటికీ వాడేవారున్నారు. క్షణాల్లో ఆవిరైపోతుంది, రెగ్జిన్‌ను పాడుచేస్తుంది, యాక్రిలిక్ పలక మీద వాడితే వెంట్రుకవాసి పగుళ్లు తెస్తుంది, పైగా మండుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద దాని ప్రభావం అంతంత మాత్రం. స్టెతస్కోపుకు, చిన్న పరికరాలకు ఉంచుకోండి.

గదంతా పొగ మందు కొట్టించే వ్యాపారం కోవిడ్ రోజుల్లో పెరిగి ఇంకా బతికి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే గదుల్లో క్రిమిసంహారక ద్రవాన్ని చల్లడం, పొగలా వదలడం మామూలు పద్ధతిగా సిఫారసు చేయడం లేదని చెప్పింది. ఆ డబ్బుతో ఇంకో ఆయమ్మను పెట్టుకోవచ్చు.

నర్సింగ్ హోం మేనేజర్:
మాస్టారూ, మీ చివరి వాక్యాన్ని ప్రింటు తీసి మా యజమాని గారి టేబుల్ మీద పెడతాను.

నా వంతుగా ఒకటి. ఆయమ్మలకు ఇచ్చే సీసాల మీద పేర్లు రాయండి, తెలుగులో. తాగునీళ్ల సీసాల్లో హైపో పోసి ఇవ్వడం చాలాచోట్ల చూశాను. ఇంకా ఘోరం, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌నూ హైపోనూ కలిపేయడం. "రెండూ కలిస్తే ఇంకా బాగా పోతుంది" అనుకుంటారు. క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న గదిలో అయితే ఊపిరాడదు. రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకండి.

ఫర్నిచర్ గురించి అంటే, తక్కువ కొనండి. మూలన పెట్టిన టీపాయ్, పత్రికల స్టాండు, షోకేసు ఇవేవీ రోగికి అక్కర్లేదు, అన్నీ తుడవాల్సినవే. కుర్చీల వరసకూ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత జాగా వదలండి. అల్మారా అడుగున కనీసం ఆరంగుళాలు ఉంటే మాప్ లోపలికి వెళుతుంది. రెండంగుళాలే ఉంటే మాప్ వెళ్లదు, సూదుల మూతలు, దూది ఉండలు మాత్రం వెళతాయి.

చెక్కపని:
ఆరంగుళాలు వదలడం ఒక పద్ధతి. అసలు వదలకపోవడం ఇంకో పద్ధతి. మేము ఆసుపత్రుల్లో అల్మారా కింద నాలుగంగుళాల సిమెంటు దిమ్మె కట్టి, ముందువైపు గ్రానైట్ స్కర్టింగ్ అతికించి, దాని మీద అల్మారా కూర్చోబెడతాం. అడుగున సందే లేదు, తుడవాల్సిందీ లేదు. మాప్ నీళ్లు చెక్కకు తగలవు. కొర్లగుంట గ్రౌండ్ ఫ్లోర్ అంటున్నారు కాబట్టి దిమ్మె ఇంకాస్త ఎత్తు కట్టించండి. తిరుపతిని ముంచిన 2021 నవంబరు వానలు గుర్తున్నవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

ప్లైవుడ్ అయితే ఐఎస్ (భారత ప్రమాణం) 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ రకం, అంటే మరిగే నీళ్లకూ చెడనిది అడగండి. దానికంటే ఒక మెట్టు కింది రకం బీడబ్ల్యూఆర్ ఐఎస్ 303 కింద వస్తుంది, పై అరలకు పరవాలేదు, సింకు పక్కన వద్దు. చెక్క నార, పొట్టు అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు దగ్గరికి వెళ్లవద్దు. అంచు ఒక్కచోట లేచిందంటే తేమ పీల్చి అప్పడంలా ఉబ్బుతుంది. పైన సన్‌మైకా మంచిదే. అసలు బలహీనత అంచుల దగ్గర. అంచుకు రంగు పూసి వదిలేస్తారు కొందరు. పీవీసీ ఎడ్జ్ బ్యాండింగ్‌ను (అంచు పట్టీని) మెషీన్‌తో అతికించాలి, చేతితో ఫెవికాల్ పూసి అతికించింది హైపో తుడుపులకు ఊడుతుంది. తలుపులకు చెక్కిన డిజైన్లు వద్దు, చదును పలక చాలు. హ్యాండిల్ బదులు అంచులోనే వేలు పట్టే గాడి చేయించమని కొందరు అడుగుతారు. ఆ గాడిలోనే మురికి చేరుతుంది. నున్నటి స్టీలు హ్యాండిల్ పెట్టించండి.

కౌంటర్ పైకి గ్రానైట్ చాలు. పక్కనున్న చిత్తూరు జిల్లాలోనే దొరుకుతుంది, అక్కడి కుప్పం గ్రీన్ రకం అయితే మరకలు అంతగా కనిపించవు. రెండు ముక్కలు కలపకుండా ఒకే పలక తెప్పించండి.

చిత్తూరు సిస్టర్:
మరకలు కనిపించకపోవడం మంచిది కాదు నాయనా. కనిపించాలి. కనిపిస్తేనే తుడుస్తారు. డ్రెస్సింగ్ గదిలో మాత్రం లేత రంగు పలక వేయించండి డాక్టరు గారూ.

కొర్లగుంట క్లినిక్:
రంగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇది మన ఊరికే ప్రత్యేకమైన సమస్య అనుకుంటా. గుండు చేయించుకుని తలకు గంధం పూసుకున్నవాళ్లు రోజూ వస్తారు. కుర్చీ వీపుకూ గోడకూ తల ఆనించి కూర్చుంటారు. తెల్ల కుర్చీ అయితే వారంలో పసుపురంగుకు తిరుగుతుంది కదా?

తిలక్ రోడ్ పళ్ల డాక్టర్:
డెంటల్ చెయిర్ హెడ్‌రెస్ట్ మీద ఆ గంధం నాకు నిత్య దర్శనం! ఆరకముందే సబ్బు నీళ్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. ఆరి, దాని మీద తలనూనె చేరితే తెల్ల రెగ్జిన్‌లోకి దిగిపోతుంది. పసుపు కలిసి ఉంటే సబ్బు తగలగానే ఎర్రగా తిరిగి ఇంకా గాబరా పెడుతుంది, కంగారు పడవద్దు, అది పసుపు గుణం. నేను హెడ్‌రెస్ట్‌కు ప్రతి రోగికీ కొత్త ప్లాస్టిక్ తొడుగు వేస్తాను. వెయిటింగ్ హాల్లో అది కుదరదు. అక్కడ వీపు తక్కువ ఎత్తు ఉండే కుర్చీ పెట్టి, దాని వెనక గోడకు లామినేట్ అతికించండి. తల గోడకే ఆనుతుంది, లామినేట్ మీద మరక నిలవదు. రంగు లేత బూడిద లేదా లేత నీలం. తెలుపు వద్దు, ముదురు గోధుమ అసలే వద్దు.

బైరాగిపట్టెడ ఫిజియో:
పరీక్ష బల్ల గురించి ఇంకో మాట. పరుపు మీద దుప్పటి పరిచి, రోజుకోసారి మార్చే అలవాటు చాలామందికి ఉంది. దుప్పటి ఉంటే పరుపును ఎవరూ తుడవరు, దుప్పటి కింద ఏముందో ఎవరూ చూడరు. మేము పేపర్ రోల్ వాడతాం. రోగి లేవగానే చింపి పసుపు సంచిలో వేయకండి, రక్తం అంటకపోతే అది మామూలు చెత్తే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచి రక్తం, చీము, శరీర ద్రవాలు అంటినవాటికి. అన్నీ అందులో వేస్తే అనవసరంగా బరువు కట్టాలి.

పక్కన ఎక్కే స్టెప్ స్టూల్‌ను మరచిపోకండి. బొబ్బలు పగిలిన కాళ్లు ముందు మోపేది దాని మీదే. రబ్బరు చాప అతికించిన స్టూల్ కొంటే ఆ చాప అంచు కింద నీళ్లు చేరతాయి. గరుకు గీతలు స్టీలులోనే నొక్కినది దొరుకుతుంది, జారదు, కడగవచ్చు.

యాత్రికుడి కొడుకు:
స్టూల్‌కు పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా పెట్టించండి సార్. అమ్మల తరఫున విన్నపం.

కొర్లగుంట క్లినిక్:
ఆర్డర్లు ఇచ్చేశాను. హాల్లో చేతులున్న ప్లాస్టిక్ సీట్ల వరసలు, రంధ్రాలు లేనివి, లేత బూడిద రంగు. వెనక గోడకు లామినేట్. సీలింగ్‌లో చప్పుడు పీల్చే పలకలు, ఇంటీరియర్ ఆయన ఆశ్చర్యంగా వెంటనే ఒప్పుకున్నారు. పరీక్ష బల్లలు పౌడర్ కోటింగ్‌వి. పరుపు పైనా పక్కలా కుట్లు ఉండకూడదని కొటేషన్ కాగితం మీదే రాసి సంతకం తీసుకున్నాను. డ్రెస్సింగ్ గదిలో ట్రాలీ, స్టెప్ స్టూల్ 304. స్టూల్‌కు కడ్డీ ఉంటుంది. అల్మారాకు సిమెంటు దిమ్మె. పీయూ సోఫా ఒక్కటి మిగుల్చుకున్నాను, నా గదిలో, మందుల కంపెనీ ప్రతినిధులకు!

చివరగా ఒక సందేహం. కౌంటర్ గ్రానైట్ గోడను కలిసేచోట సందు ఉంది. తెల్ల సిమెంటు పూస్తామంటున్నారు మేస్త్రి. సరేనా?

చెక్కపని:
వద్దు. తెల్ల సిమెంటు కొన్నాళ్లకు పగులుతుంది, పగుల్లో నలుపు చేరుతుంది. సింకుల దగ్గర వాడే, బూజు పట్టని సిలికాన్ సీలెంట్ తీసుకోండి. సందులో దుమ్ము లేకుండా బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరాక పూయాలి. సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒకసారి లాగితే లోపలికి వంపు తిరిగి నున్నగా కూర్చుంటుంది. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకండి. గోడకు రంగు వేయడం మిగిలి ఉంటే అది ముందు పూర్తి చేయించండి, సిలికాన్ మీద రంగు పట్టదు.